కొస మడి వాడిని అడుగు

చిరంజీవి శేఖర్‌కు తాత ఆశీస్సులు.

జీతంలో పదో వంతు దానానికి పక్కన పెడుతున్నానన్నావు, సంతోషం. అదంతా ఎప్పుడో పుట్టబోయే వాళ్లకే పెడతాను, వెయ్యేళ్ల లెక్కలో ఇప్పటి ఉన్నోడు-లేనోడు తేడా ఎంత తాతా అన్నావు. ఫోన్‌లో తెమలలేదు, అందుకే రాస్తున్నా.

పదో వంతు అనగానే నాకు దశబంధం గుర్తొచ్చింది. మన సీమలో చెరువు కట్టినోళ్లకీ బాగు చేసేవాళ్లకీ ఇచ్చిన మాన్యం అది. పోరుమామిళ్ల చెరువు చూశావు కదా, 1369లో విజయనగరం ఏలిన బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు అని శాసనంలో చెక్కించాడు. ఊట కారే కట్ట, చవుడు నేల లాంటి దోషాల మధ్య ఒకటుంది: రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం. మట్టి లెక్కల్లో ఈ మాటెందుకని చాన్నాళ్లు అనుకున్నా. గండి పడిన రాత్రి పార పట్టుకుని ఎవరొస్తారన్నదే దాని లెక్కని నాకు తోచింది.

రాజు గనక కట్టగలిగాడు, అందరూ సమానమైతే ఆ చెరువే లేదు అంటావు. ఒప్పుకుంటా. కట్టడం వేరు, 650 ఏళ్లు కాపాడుకోవడం వేరు.

మన ఊరి చెరువు సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. నేను వయసులో ఉన్నప్పుడు ఎండాకాలం ఇంటికొకరు పూడిక తీయడానికి రావాల్సిందే. రామరాజ్యమేం కాదు, కొస మడికి నీళ్లందేసరికి తెల్లారేది. కానీ యాభై ఎకరాలోడికీ అర ఎకరమోడికీ ఆ తూము నీళ్లే గతి. ఎనభైల్లో బోర్లొచ్చాయి. పై మళ్లోళ్లు నలుగురు వేయించారు. ఆ మరుసటేడు పూడికకు ఆ నాలుగిళ్ల నుంచి ఒక్కరూ రాలేదు. నాలుగో ఇల్లు మనదే. అప్పు పుట్టినోళ్లు మన వెనకాలే బోర్లేశారు, పుట్టనోళ్లు బెంగుళూరు బస్సెక్కారు, మడులకు నీళ్లు పంచే నీరుగంటితో సహా. తూము పూడింది, చెరువంతా కంపచెట్లు. చెరువు నిండక బోర్లకు ఊట తగ్గింది. రెండొందల అడుగుల్లో పడిన నీళ్లు ఆరొందలకు దిగినా పడలేదు. తప్పించుకునే దారి ఉన్నోడు ముందు పోతే, వెనకాల మిగిలినోడి చేతిలో పార తప్ప ఇంకేం ఉంటుంది?

అందుకని మొత్తం బీదలకే పంచు అనను. ముందుచూపు పనులకే ఇవ్వు. ఇచ్చే ముందు మాత్రం, ఈ పని చెడితే దీన్ని నడిపేవాళ్లకు వేరే బోరుందా అని కనుక్కో. నువ్వు చెప్పే కృత్రిమ మేధకైనా, ఎండల సంగతికైనా ఇదే అడుగు. ఉంటే ఆ డబ్బులో కొంత, కొస మడి వాడికి ఆ నిర్ణయాలు చేసే చోట కూర్చునే వీలు దొరికే పనికి మళ్లించు. ఎంతన్నది నీ లెక్క. నేనైతే నాలుగో వంతుకు తగ్గించను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నాలుగు పారలు కొనుక్కురా. పూడిక మళ్లీ మొదలుపెడదామని ఇద్దరు ముగ్గురు అంటున్నారు. మన ఎండిన బోరు మీద బండ కూడా కదిలింది, పిల్లలు తిరిగే చోటు, దాన్నీ సరిగ్గా మూయాలి.

మీ తాత