ప్రశ్న స్పష్టంగా లేదన్నారు, గొడవైంది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాజెక్టులో వాడుతున్న ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీతో (ఎవరైనా తీసుకుని వాడుకోగల రెడీమేడ్ కోడ్‌తో) సమస్య వస్తే, దాని చర్చావేదికలో అడిగాను. నిర్వాహకుల్లో ఒకాయన ‘ప్రశ్న స్పష్టంగా లేదు. డాక్యుమెంటేషన్ చదవండి’ అని, అంటే లైబ్రరీ వాడకాన్ని వివరించే పేజీలు చూసుకోమని, ఒక్క ముక్కలో తేల్చేశారు. ‘అర్థం కాకపోతే వదిలేయండి, అవమానించకండి’ అన్నాను. మాటా మాటా పెరిగి చివరికి చర్చనే మూసేశారు. నా ఇంగ్లిష్ బాగాలేకే ఇలా అయిందా? రేపు ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇది చూస్తే ఏమనుకుంటారు? ఖాతా తీసేయాలా?

సమాధానం: ఖాతా తీసేయకండి. మీరు చర్చావేదికలో పెట్టి, నాకూ పంపిన ప్రశ్నను రెండుసార్లు చదివాను. అందులో లోపం ఉంది కానీ అది ఇంగ్లిష్‌ది కాదు.

మీరు రాసిన దాన్ని తెలుగులో చెప్పుకుంటే: ‘నిన్నటి వరకు పనిచేసిన ప్రోగ్రామ్ ఈరోజు ఫైల్ అప్‌లోడ్ చేస్తే ఆగిపోతోంది. అన్నీ చేసి చూశాను. అర్జెంటు, సాయం చేయండి.’ వాక్యాల్లో తప్పు పట్టడానికేమీ లేదు. ఇప్పుడు దీన్ని అవతలి మనిషిలా చదవండి. ‘ఆగిపోతోంది’ అంటే ఎర్రర్ చూపించి మూసుకుపోతోందా, లేక ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతోందా? మొదటిదైతే ఎర్రర్ సందేశం కావాలి. రెండోదైతే ప్రోగ్రామ్ దేనికోసం ఎదురుచూస్తోందో వెతకాలి. రెండూ వేర్వేరు దారులు. నిన్నటికీ ఈరోజుకీ మధ్య ఏం మారింది? లైబ్రరీ వెర్షనా, ఫైల్ సైజా? ‘అన్నీ’ అంటే ఏవేవి? ఈ జవాబులన్నీ మీ బుర్రలో ఉన్నాయి కాబట్టి ప్రశ్న మీకు పూర్తిగా ఉన్నట్టే కనిపించింది. ఆయనకు మీ స్క్రీన్ కనిపించదు.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. మనస్తత్వ పరిశోధకులు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల సహచరులు 2005లో ఈమెయిళ్ల మీద కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. ఒకదాంట్లో, తాము రాసిన వాక్యం వ్యంగ్యమో నిజంగా అన్నదో చదివేవారు 78 శాతం సార్లు పట్టేస్తారని రాసినవారు అనుకున్నారు. నిజంగా పట్టింది 56 శాతం సార్లు మాత్రమే. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా సగం సరిపోతాయి కదా!

ఇదే లెక్క ఆ నిర్వాహకుడి మాటకూ వర్తిస్తుంది. ‘డాక్యుమెంటేషన్ చదవండి’ అన్నదాంట్లో మీకు వెటకారం వినిపించింది. రోజూ బోలెడు ప్రశ్నలు చూస్తూ జీతం లేకుండా జవాబులిచ్చే మనిషి పొదుపుగా రాసిన వాక్యం కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. రెంటిలో ఏదన్నది అక్షరాలు చెప్పవు. 1982లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ కంప్యూటర్ సైన్స్ వాళ్లు తమ ఆన్‌లైన్ సందేశాల బోర్డులో కిందపడే లిఫ్టు గురించి ఒక భౌతికశాస్త్ర ప్రశ్న మీద సరదాగా చర్చించుకున్నారు. లిఫ్టులో పాదరసం ఒలికిందని అందులో ఒకరు జోక్‌గా పెట్టిన హెచ్చరికను కొందరు నిజమే అనుకున్నారు. ఆ తర్వాతే సెప్టెంబరు 19న వాళ్లలో ఒకరైన స్కాట్ ఫాల్మన్ జోకులకు కోలన్, హైఫన్, బ్రాకెట్‌తో నవ్వుముఖం గుర్తు పెట్టుకుందామని ప్రతిపాదించారు. ఒకే క్యాంపస్‌లో, ఒకే విభాగంలో పనిచేసేవాళ్ల పరిస్థితే అది.

అలాగని ఎవరేమన్నా పడి ఉండమని నేను చెప్పను. లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అంతటివారే 2018 సెప్టెంబరులో తన దురుసు ఈమెయిళ్లకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. అప్పుడే ఆ ప్రాజెక్టు కొత్త ప్రవర్తనా నియమావళినీ తెచ్చుకుంది. కాబట్టి ఒక గీత గీసుకోండి. వ్యాఖ్య మీరు రాసిన దాని మీద అయితే ఎంత పొడిగా ఉన్నా పనికొచ్చేది తీసుకోండి. మీ తెలివి మీదో, భాష మీదో, మీ మీదో అయితే బదులివ్వకుండా మోడరేటర్లకు చెప్పండి. మీకొచ్చిన జవాబు మొదటి రకం. ఏ పేజీ చదవాలో ఆయన చెప్పి ఉంటే మర్యాదగా ఉండేది, నిజమే. కానీ ‘ఏ విభాగం చూడమంటారు?’ అని మీరు అడిగినా గొడవ అక్కడితో ఆగేది.

మరో రకం అస్పష్టత ఉంది, దీన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఫైల్ పేరులో చివరి మూడు అక్షరాలు ఎలా తీయాలని ఒకరు అడుగుతారు. అసలు కావలసింది ఫైల్ ఎక్స్‌టెన్షన్, అంటే పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే భాగం. అది నాలుగక్షరాలూ ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు. జవాబిచ్చేవాళ్లు ‘ఇది ఎందుకు?’ అంటే అడిగినవారికి చిరాకు: ‘అడిగిందానికి చెప్పండి’ అంటారు. అందుకే ఏం చేయబోతూ ఇక్కడ చిక్కుకున్నారో మొదటి వాక్యంలోనే రాసేయండి.

ఉద్యోగం సంగతి. కొంతమంది గిట్‌హబ్ (ప్రోగ్రామర్లు కోడ్ పెట్టి చర్చించుకునే వెబ్‌సైట్) చూస్తారు, అక్కడ ఒక వాదన కనిపించినంత మాత్రాన మిమ్మల్ని పక్కన పెట్టరు. వాదన తర్వాత మీరేం చేశారన్నదే నేనైతే చూస్తాను. పనిలో చేరాక కోడ్ రివ్యూలో, అంటే తోటివారు మీ కోడ్‌ను పరిశీలించేటప్పుడు, ‘ఇది అర్థం కాలేదు’ అన్న మాట తరచూ వింటారు. దానికి ఉక్రోషపడకుండా తిరగరాయగలిగిన కుర్రాళ్లు ముందుకు వెళ్లడం చూశాను. కోడింగ్‌లో వాళ్లకంటే చురుకైనవాళ్లు ఇక్కడే ఆగిపోవడమూ చూశాను, అది నాకు బాధ కలిగిస్తుంది.

ఇంగ్లిష్ గురించి: చిన్న వాక్యాలు చాలు. ‘అర్జెంటు’ లాంటివి తీసేయండి. ఎర్రర్‌ను స్క్రీన్‌షాట్‌గా కాకుండా టెక్స్ట్‌గా అతికించండి, అప్పుడే అదే సమస్య ఉన్న మరొకరికి వెతుకులాటలో దొరుకుతుంది. సమస్యను మళ్లీ పుట్టించగల అతి చిన్న కోడ్ ఇవ్వండి. ఆ కోడ్ తయారు చేస్తుండగానే చాలాసార్లు తప్పు మీకే కనిపిస్తుంది.

మూసేసిన చర్చలో ఇంకేమీ రాయకండి. కోపం పూర్తిగా చల్లారాక వెర్షన్లు, ఎర్రర్, చిన్న కోడ్, ఇప్పటికే ప్రయత్నించిన పనులతో కొత్త ప్రశ్న పెట్టండి. పాతదాని లింకు ఇచ్చి, కింద ఒక్క వాక్యం చేర్చండి: ‘పోయినసారి ఈ వివరాలు ఇవ్వలేదు, మాట కూడా తూలాను, క్షమించండి.’ ఎవరైనా మళ్లీ వివరం అడిగితే దాన్ని వ్యాఖ్యల్లో వదిలేయకుండా ప్రశ్నలోనే చేర్చండి, ఎందుకంటే తర్వాత వచ్చేవారు ముందు చదివేది దాన్నే.