చేప పొడి తగ్గించి సోయా మేత వేస్తే క్యాట్‌ఫిష్ ఎదుగుదల తగ్గుతుందా?

చేప పొడి మానేసి సోయా చెక్కతో చేసిన మేత వేస్తే క్యాట్‌ఫిష్ పెరుగుతుందా, వెనకబడుతుందా అని అడిగారు. నా చెరువులో రెండూ చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదటిసారి బాగా వెనకబడింది, తప్పు నాదే. వేలెడంత పిల్లలకే చేప పొడి పూర్తిగా ఆపేసి సోయా, వేరుశనగ చెక్క, తవుడు కలిపిన మేత మొదలుపెట్టాను. గట్టు మీద కూర్చుని చూస్తే ఒక పిల్ల వచ్చి గుళిక నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేసేది, ఇంకోటి వచ్చి దాన్నే అందుకుని మళ్లీ వదిలేసేది, అరగంట దాటినా మేత నీళ్ల మీదే తేలుతూ ఉండేది. నెల తర్వాత వల వేస్తే కొన్ని బాగానే ఉన్నాయి, మిగతావి తల పెద్దగా, ఒళ్లు సన్నగా. చాలా టెన్షన్ పడ్డాను.

సంచి మీద ప్రొటీన్ శాతం సరిపోయింది కదా అనుకున్నాను. కానీ చేపకు కావాల్సింది అందులోని అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ తయారయ్యే చిన్న భాగాలు; మెథియోనిన్, లైసిన్ అలాంటివే. సోయాలో మెథియోనిన్ తక్కువ, వేరుశనగ చెక్కలో, పత్తి గింజల చెక్కలో లైసిన్ తక్కువ. ఏ ఒక్కటి చాలకపోయినా ఎదుగుదల అక్కడే ఆగుతుంది, మిగిలిన ప్రొటీన్ ఒంటికి పట్టక అమ్మోనియాగా మారి నీళ్లు పాడుచేస్తుంది. పైగా నేను కొన్న సోయాకు వేడి సరిగ్గా పట్టలేదు, పచ్చి వాసన వచ్చేది. పచ్చి సోయాలో ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం ఉంటుంది, సరిగ్గా వేడి చేస్తేనే అది పోతుంది, అలాగని మాడిస్తే లైసిన్ దెబ్బతింటుంది.

రెండో పంటకు పిల్లలు కాస్త ఎదిగేదాకా చేప పొడి మేతే వేశాను. తర్వాత మూడు వారాల్లో కొంచెం కొంచెంగా మార్చుతూ లైసిన్, మెథియోనిన్ కలిపించాను, ఫైటేజ్ ఎంజైమ్ కూడా. గింజల్లో భాస్వరం ఎక్కువ భాగం ఫైటేట్ అనే అరగని రూపంలో ఉంటుంది, ఆ ఎంజైమ్ లేకపోతే చేపకు అది సరిగ్గా అందదు. మార్చిన మొదటి పదిహేను రోజులు మేత తినడం తగ్గింది, ఆ తర్వాత మామూలుగానే పెరిగాయి.

మీరు పెంచేది ఏ రకమో చెప్పలేదు, అసలు విషయం అక్కడే ఉంది. చానెల్ క్యాట్‌ఫిష్ అయితే పెరిగే దశలో 28 నుంచి 32 శాతం ప్రొటీన్ ఉన్న సోయా మేతతో, చేప పొడి దాదాపు లేకుండానే బాగా పెరుగుతుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు మాంసాహారం అలవాటు ఎక్కువ, 40 శాతం దాకా ప్రొటీన్ అడుగుతుంది, దానికి మాత్రం చేప పొడి పూర్తిగా తీసేయకండి. రకం, ఇప్పుడున్న సైజు రాయండి, ఈలోగా పదిహేను రోజులకోసారి వల వేసి తూకం రాసుకుంటూ ఉండండి.