తలుపు వేసి వచ్చిన యువ రచయితకు

యువ మిత్రునికి నమస్కారం.

పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ స్టీరియోలో మేలా, సరౌండ్ లో మేలా అన్న మీ వ్యాసం, దానితోపాటు మీ ఆరు ప్రశ్నలూ అందాయి. రెండుసార్లు చదివాను, మొదటిసారి విసుక్కుంటూ, రెండోసారి ఒక్క వాక్యం కోసం. ముందుగా ఒక చిన్న మనవి: నన్ను 'గురువుగారూ' అనకండి. నాకు సంగీతం రాదు. నలభై ఏళ్లుగా రికార్డులు వింటూ, విన్నదాన్ని కాగితం మీద పెడుతూ, అందులో సగం తప్పుగా రాసినవాణ్ణి, అంతే.

ఆ వాక్యం సంగతి చెబుతాను. ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వారి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' సరౌండ్ మిక్స్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతులనూ వాద్యాలనూ కలిపి, మన చుట్టూ పెట్టిన స్పీకర్లకు పంచిన కూర్పు) వింటుండగా, 'టైమ్' పాట మొదట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా మోగేసరికి, వెనక గదిలో పడుకున్న అమ్మమ్మగారికి మెలకువ వస్తుందేమోనని లేచి వెళ్లి తలుపు వేసి వచ్చానన్నారు. పన్నెండు పేజీల వ్యాసంలో ఈ మాట ఎనిమిదో పేజీలో, అదీ బ్రాకెట్లలో ఉంది. దానికి ముందు ఏడు పేజీల నిండా 'మునుపెన్నడూ లేని స్పష్టత', 'ధ్వని సముద్రం', 'ప్రతి వాద్యమూ విడివిడిగా' పరుచుకుని ఉన్నాయి. అమెరికా ఆల్బమ్ అమ్మకాల జాబితాలో ఇది 1973 నుంచి 1988 దాకా 741 వారాలు నిలిచిందన్న లెక్క కూడా ఉంది. అది లేకుండా ఈ ఆల్బమ్ మీద వ్యాసం రాసిన మనిషిని నేనింకా చూడలేదు.

మీరు విన్నది ఏ సరౌండ్ మిక్స్? పెళ్లికి వెళ్లి వచ్చి, ఎవరి పెళ్లో చెప్పనట్టుంది మీ వరస. 1973లోనే ఈ ఆల్బమ్ రికార్డింగ్ ఇంజినీరు అలన్ పార్సన్స్ నాలుగు స్పీకర్ల కోసం క్వాడ్రాఫోనిక్ మిక్స్ చేశారు. ముప్ఫయ్యేళ్ల సందర్భంగా 2003లో సూపర్ ఆడియో సీడీ అనే మేలురకం డిస్కు కోసం జేమ్స్ గత్రీ అనే ఇంజినీరు 5.1 మిక్స్, అంటే ఐదు స్పీకర్లకూ ఒక బాస్ పెట్టెకూ సరిపడే మిక్స్, చేశారు. 2011లో వచ్చిన పెద్ద పెట్టెలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 2023లో యాభయ్యేళ్ల సందర్భంగా అదే గత్రీ చేసిన అట్మాస్ మిక్స్, తల పైనుంచి కూడా ధ్వని వచ్చే రకం, వచ్చింది. ఇద్దరు మనుషులు, మూడు కాలాలు. వీటన్నిటినీ కలిపి 'సరౌండ్' అని ఒకే పేరుతో పిలిచి, దాన్ని స్టీరియోతో కుస్తీకి దింపితే, గెలిచిందెవరో ఎలా తెలుస్తుంది?

పైగా 'అసలుది స్టీరియో, సరౌండ్ తర్వాత తగిలించిన నగ' అని మూడో పేజీలోనే తీర్పు చెప్పేశారు. ఆ గడియారాలను పార్సన్స్ ఒక గడియారాల దుకాణానికి వెళ్లి, ఒక్కొక్కదాన్నీ విడిగా రికార్డు చేసింది క్వాడ్రాఫోనిక్ ధ్వనిని చూపించే ఒక నమూనా కోసం. పాట వాటిని తర్వాత తెచ్చుకుంది. అంతకు చాలా ముందే, 1967లో లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లో, బృందంలో కీబోర్డులు వాయించే రిక్ రైట్ ఒక చిన్న పిడిని అటూ ఇటూ తిప్పుతూ ధ్వనిని ప్రేక్షకుల చుట్టూ నడిపించారు. అంటే నాలుగు మూలల కోసం పుట్టిన చప్పుడును రెండు స్పీకర్లలోకి సర్ది మనకు 1973లో ఇచ్చారన్నమాట. మిమ్మల్ని తలుపు దాకా నడిపించినది తర్వాత తగిలించిన నగ కాదు.

ఇంకో పొరపాటు. 2003 డిస్కులో 'కొత్త స్టీరియో మిక్స్ లో బాస్ గిటార్ నిండుగా ఉంది' అని రాశారు. అందులో కొత్త స్టీరియో మిక్స్ లేదు. ఉన్నది 1973 నాటి మిక్సే, మళ్లీ మాస్టర్ చేశారు. కూర వండటం వేరు, వండిన కూరను వేడి చేసి వేరే గిన్నెలో వడ్డించటం వేరు. ఈ తేడా తెలియకుండా రెండు మిక్సులను పోల్చితే, గిన్నెను చూసి వంటను మెచ్చుకున్నట్టవుతుంది.

ఇక నేను ఎక్కడ కూర్చున్నా వదలకుండా చెప్పే మాట: మిక్స్ అనేది ఒక తీర్పు. ఈ ఆల్బమ్ విషయంలో అది ఉపమానం కూడా కాదు. రికార్డింగ్ పూర్తయ్యాక బృందం రెండుగా చీలింది. బాస్ గిటార్ వాయించే వాటర్స్, డ్రమ్స్ వాయించే మేసన్ ధ్వని పొడిగా, ఎకో (ప్రతిధ్వని) లేకుండా ఉండాలన్నారు, గిటారిస్టు గిల్మర్ కూ రైట్ కూ ఎకో ఇంకా కావాలి. తగవు తెగక క్రిస్ థామస్ అనే రికార్డు నిర్మాతను పెద్దమనిషిగా పిలిపించారు. మీరు స్టీరియోలో వింటున్నది ఆ పంచాయితీలో కుదిరిన రాజీ. కాబట్టి సరౌండ్ ను అడగవలసిన ప్రశ్న 'ఎంత స్పష్టంగా ఉంది' అని కాదు. ముప్ఫయ్యేళ్ల తర్వాత ఆ రాజీ నిలిచిందా, తిరగబడిందా అని.

విడివిడిగా వినిపించటాన్నే మీరు స్పష్టత అంటున్నారు. రెండు స్పీకర్ల మధ్య గిటారు, ఆర్గన్, శాక్సఫోన్ ఒకే గుమ్మంలో భుజాలు రాసుకుంటూ నిలబడతాయి. మిక్స్ చేసే మనిషి ఒకదాన్ని కాస్త తగ్గించి, ఇంకోదాన్ని సన్నబరిచి, అందరికీ దారి చూపాలి. ఆర్గన్ ను వెనక్కి పంపేస్తే ఆ ఇరుకు పోతుంది, నిజమే, కానీ పాటకు బిగువు ఆ ఒరిపిడి నుంచే వస్తున్నట్టయితే అదీ పోతుంది. ఎక్కడ లాభమో ఎక్కడ నష్టమో చోటు చోటుకీ చెప్పాలి. ఉదాహరణకు 'మనీ' పాటలో గిటార్ సోలో మూడు భాగాలు. రెండో భాగం దగ్గర ఎకో అంతా ఆపేసి, నలుగురు చిన్న గదిలో కూర్చుని వాయిస్తున్నట్టు దగ్గరికి లాగేస్తారు. మూడో భాగంలో మళ్లీ ఆకాశం తెరుచుకుంటుంది. గది కుంచించుకుపోవటమే అక్కడ కథ. ఆ క్షణంలో మీ వెనక స్పీకర్లు ఏం చేశాయి? ఊరుకున్నాయా, ఏదో ఒకటి పలుకుతూనే ఉన్నాయా? మీరు రాసింది 'సోలో అద్భుతం' అని. ఆ మాట 1973 నుంచి అందరూ అంటున్నారు.

ఈ పాటతో నాకు పాత రుణం ఉంది. కాలేజీ రోజుల్లో ఒక స్నేహితుడు ఇచ్చిన క్యాసెట్ ను ఏడాదిపాటు ఒకే స్పీకరుతో విన్నాను. రెండో స్పీకరు తీగ లోపల తెగిపోయిందని నాకు తెలియదు. 'మనీ' మొదట్లో నాణేల చప్పుడు, గల్లాపెట్టె చప్పుడు కలిపి ఏడు శబ్దాల చక్రం తిరుగుతుంది. వాటర్స్ తన భార్య కుండలపనికి వాడే గిన్నెలో నాణేలు వేసి రికార్డు చేసి, టేపును స్కేలుతో కొలిచి ముక్కలు కోసి అతికించిన చక్రం అది. ఆ శబ్దాలు అటూ ఇటూ మారుతుంటాయి గనుక నాకు కొన్ని గట్టిగా, కొన్ని లీలగా వినిపించేవి. అదేదో గొప్ప లయ విన్యాసమని నమ్మి దాని మీద ఒక వ్యాసం కూడా రాశాను. పక్కింట్లో వీణ నేర్పే ఆవిడ ఒకరోజు కిటికీ దగ్గర నిలబడి, తొడ మీద ఏడక్షరాల తాళం తకిట తకధిమి వేసుకుంటూ, 'మిశ్రచాపే బాబూ, కానీ మధ్యమధ్య దెబ్బలు పడటం లేదేం?' అన్నారు. తీగ మార్చాను. వ్యాసం చింపేశాను.

రెండోసారి చింపటానికి వీలు కాలేదు, అచ్చయిపోయింది. 2003 డిస్కు తెప్పించుకుని, సరౌండ్ ను ఆకాశానికెత్తుతూ ఒక వారపత్రికకు మూడు పేజీలు పంపాను. సంపాదకుడు ఎకో గురించిన ఒకే ఒక్క పనికొచ్చే పేరా కోసేసి, 'ఏది గొప్ప?' అని శీర్షిక పెట్టి, పక్కన రేటింగుగా నాలుగున్నర చుక్కలు వేశాడు. చుక్కలు నేను ఇవ్వలేదు. నెల తర్వాత రేడియోలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు: 'మీ ప్లేయర్ ముందు ఏమని వెలుగుతోందో చూశారా?' చూశాను. ప్లేయర్ ఆ డిస్కులోని సరౌండ్ పొరను వదిలేసి, స్టీరియో మాత్రమే ఉన్న మామూలు సీడీ పొరను చదువుతోంది. స్పీకర్లను నడిపే రిసీవర్ ఆ స్టీరియోనే ఐదు స్పీకర్లకు పంచిపెడుతోంది. నేను పొగిడిన సరౌండ్ మిక్స్ ను నేను విననే లేదు. సవరణ వేయమని బతిమాలితే, 'పాఠకులకు అంత అవసరం లేదండీ' అన్నాడు సంపాదకుడు. ఇవాళ్టికీ చుక్కలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే మీరు నాలుగో పేజీ చివర 'కొన్ని భాగాలు హెడ్‌ఫోన్స్ లో సరిచూసుకున్నాను' అన్నచోట ఆగిపోయాను. 5.1 మిక్స్ ను రెండు చెవుల్లోకి కుదించి వింటే అది సరౌండూ కాదు, 1973 స్టీరియో కూడా కాదు. ఎవరూ చెప్పని తీర్పు. స్పీకర్ల ముందు కూర్చుని, రెండు మిక్సులూ ఒకే బిగ్గరలో ఉండేట్టు ముందే సరిచేసుకోండి. ఏది రవ్వంత బిగ్గరగా ఉంటే చెవి దాన్నే మెచ్చుకుంటుంది, మీదైనా నాదైనా.

మీ ఆరు ప్రశ్నల్లో ఐదోదానికి, 'మిక్స్'ను తెలుగులో ఏమనాలన్నదానికి: మిశ్రమం మాత్రం అనకండి. సిమెంటు గుర్తొస్తుంది.

వ్యాసం మళ్లీ రాస్తే ఆ తలుపు దగ్గర మొదలుపెట్టండి. అదే బిగ్గరలో స్టీరియో గడియారాలు మోగినప్పుడు కూడా లేచారా, కుర్చీలోనే ఉండిపోయారా అన్నది నాకు తెలియాలి. అమ్మమ్మగారికి మెలకువ వచ్చిందో లేదో కూడా మీరు రాయలేదు.