నెలసరి తప్పితే ‘టెన్షన్’ అన్నారు; ఇప్పుడు పాపకు టీకా అంటే భయం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 41. ఖమ్మం జిల్లాలో ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. 2021 జూన్‌లో కోవిషీల్డ్ మొదటి డోసు, సెప్టెంబరులో రెండో డోసు వేయించుకున్నాను. ఎప్పుడూ 28 రోజులకు ఒక రోజు అటూ ఇటూగా వచ్చే నెలసరి రెండో డోసు తర్వాత 11 రోజులు ఆలస్యమైంది. వచ్చాక తొమ్మిది రోజులు ఆగలేదు, గడ్డలు గడ్డలుగా పడింది. లేడీ డాక్టరు దగ్గరకు వెళితే నేను చెప్పడం పూర్తి కాకముందే “టీకాకూ దీనికీ సంబంధం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి” అన్నారు. మావారు “వాట్సాప్ చూసి లేనిపోనివి ఊహించుకుంటున్నావు” అన్నారు. అత్తగారు “ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే, మగవాళ్ళ ముందు ఆ మాటలేమిటి” అని నోరు మూయించారు. మూడు నెలలకు దానంతట అదే సర్దుకుంది. ఇప్పుడు మా పాపకు 13 ఏళ్ళు, పెద్దమనిషై ఏడాది అయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించమని పిల్లల డాక్టరు చెప్పారు. మావారు వచ్చే వారమే వేయిద్దామంటున్నారు. నాకు ధైర్యం చాలడం లేదు. భద్రాచలం హాస్టల్ పిల్లలకు వేసిన ఇంజెక్షన్ ఇదేనని పక్కింటావిడ అన్నప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. “చదువుకున్నదానివి, నువ్వే ఇలా మాట్లాడితే ఎలా?” అని మావారు పది రోజులుగా ముభావంగా ఉంటున్నారు. నాది మూర్ఖత్వమా? ఇంకొక మాట: ఎనిమిది నెలలుగా నాకు మళ్ళీ ఎక్కువగా అవుతోంది, కానీ డాక్టరు దగ్గరకు వెళితే అదే మాట అంటారని వెళ్ళడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యమే నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను గాని, ఇది చదివిన వారంలోగా మీరు డాక్టరుకు చూపించుకోవాలన్న మాట మాత్రం ముందే చెబుతున్నాను.

2021లో మీరు గమనించినది మీ ఊహ కాదు. ఈ మాట ఆనాడే ఎవరో ఒకరు మీతో అనవలసింది. అనని వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఏడాది వానాకాలంలో నా దగ్గరకు వచ్చిన ఒకామె, టీకా తర్వాత నెలలో రెండుసార్లు అయిందని చెబుతూ, సంచిలోంచి చిన్న క్యాలెండరు తీసి, ఎర్ర పెన్నుతో చుట్టిన తేదీలు చూపించబోయింది. నేను దానివైపు సరిగా చూడకుండానే, లాక్‌డౌన్ ఒత్తిడి గురించి, నిద్ర గురించి నాలుగు మాటలు చెప్పి పంపేశాను. ఆమె ఆ క్యాలెండరును మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకోవడం ఇప్పటికీ నా కళ్ళ ముందు కదులుతుంది.

అప్పట్లో ఎందుకలా జరిగిందో కొంత చెప్పగలను. 18 ఏళ్ళు నిండిన వారందరికీ 2021 మే 1 నుంచి టీకాలు మొదలవుతాయనగా, ఏప్రిల్ చివరి వారంలో ఒక సందేశం ఫోన్లన్నీ తిరిగింది: నెలసరికి ఐదు రోజుల ముందు, ఐదు రోజుల తర్వాత ఆడవాళ్ళు టీకా వేయించుకోకూడదని, ఆ రోజుల్లో రోగనిరోధక శక్తి ఉండదని. అది అబద్ధం, కేంద్ర ప్రభుత్వం వెంటనే ఖండించింది. అయితే ఆ ఖండన తర్వాత నెలసరి, టీకా అనే రెండు మాటలు ఒకే వాక్యంలో వినిపిస్తే చాలు, చదువుకున్న వాళ్ళు కూడా వదంతి అనుకోసాగారు. నెలసరి రోజుల్లో టీకా ప్రమాదమనడం వేరు, టీకా తర్వాత నా నెలసరి మారిందని ఒక స్త్రీ చెప్పడం వేరు. ఆ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే మీ మాట కూడా వాట్సాప్ లెక్కలో కలిసిపోయింది.

అసలు లోపం ఇంకా ముందే ఉంది. కోవిడ్ టీకాలను పరీక్షించినప్పుడు వేయించుకున్న వారిని జ్వరం వచ్చిందా, చెయ్యి నొప్పి పుట్టిందా, వాంతులయ్యాయా అని పనిగట్టుకుని అడిగారు గాని, నెలసరి ఎలా ఉందని విడిగా అడగలేదు. అడగని దానికి లెక్క ఉండదు. లెక్క లేదు గనుక సంబంధం లేదని అనేశారు. నిజానికి ఇది కొత్త సంగతి కూడా కాదు. టైఫాయిడ్ టీకా వేయించుకున్న నర్సుల్లో నెలసరి మార్పులు కనిపించాయని న్యూయార్క్ వైద్యుడొకరు 1913లోనే ప్రచురించారు.

ఆడవాళ్ళు పట్టు వదలకుండా చెబుతూ ఉండడం వల్లనే ఆ తర్వాత పరిశోధనలు జరిగాయి. అమెరికాలో కేట్ క్లాన్సీ, కేథరిన్ లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమకే ఎదురైన మార్పులతో మొదలుపెట్టి సర్వే చేశారు. 2022 జులైలో ప్రచురించిన వారి ఫలితాల్లో 39,000 మందికి పైగా స్త్రీల జవాబులున్నాయి. నెలసరి క్రమంగా వచ్చేవారిలో 42 శాతం మంది టీకా తర్వాత మామూలు కంటే ఎక్కువగా అయిందని చెప్పారు. మార్పు గమనించిన వారే ఇలాంటి సర్వేకు ఎక్కువగా స్పందిస్తారు కాబట్టి అందరిలోనూ 42 శాతం అని దీన్ని చదవకూడదు. ఆ మాట పరిశోధకులే చెప్పారు. అమెరికాలోనే అలిసన్ ఎడెల్‌మన్ బృందం మరో దారిలో వెళ్ళింది. ఫోన్ యాప్‌లో ముందునుంచీ తేదీలు నమోదు చేసుకుంటున్న స్త్రీల వివరాలు తీసుకుని, టీకా వేయించుకున్న వారినీ వేయించుకోని వారినీ పోల్చింది. 2022 సెప్టెంబరులో వెలువడిన వారి పెద్ద అధ్యయనంలో 19,622 మంది ఉన్నారు. టీకా తర్వాత నెలసరి సగటున ఒక రోజు లోపే ఆలస్యమైంది. ఎనిమిది రోజులు, అంతకు మించి మార్పు వచ్చిన వారు టీకా వేయించుకున్న వారిలో 6.2 శాతం, వేయించుకోని వారిలో 5 శాతం. అదే ఏడాది అక్టోబరులో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల సంఘం ఫైజర్, మోడెర్నా టీకాల దుష్ప్రభావాల పట్టికలో ‘నెలసరి ఎక్కువగా కావడం’ అన్నదాన్ని చేర్చమని సిఫారసు చేసింది.

ఈ అంకెలను మీ అనుభవం పక్కన పెట్టి చూడండి. సగటు ఒక రోజే అన్నంత మాత్రాన అందరికీ ఒక రోజే అని కాదు; మీలాగా 11 రోజులు ఆలస్యమైన వారూ ఆ లెక్కలో ఉంటారు. అలాగే, టీకా వేయించుకోని వారిలో కూడా నూటికి ఐదుగురికి అంత మార్పు వచ్చింది కాబట్టి, మీకు వచ్చినది కచ్చితంగా టీకా వల్లనే అని నేను గాని, కాదని మీ డాక్టరు గారు గాని చెప్పలేము. ఆ రోజు ఆమె “కావచ్చునమ్మా, రెండు మూడు నెలలు తేదీలు రాసుకుని రండి, ఈలోగా రక్తం పరీక్ష చేయిద్దాం” అని ఉంటే అది సరైన వైద్యం అయ్యేది. టీకాకు శరీరం స్పందించేటప్పుడు ఆ కదలిక మెదడు నుంచి అండాశయాలకు వెళ్ళే హార్మోన్ల సంకేతాలను కొద్ది రోజులు అటూ ఇటూ చేయగలదని, గర్భాశయం లోపలి పొరలో ఉండే రోగనిరోధక కణాలపైనా ప్రభావం ఉండవచ్చునని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. చాలామందిలో అది ఒకటి రెండు నెలసరుల్లో సర్దుకుంది. అమెరికా, కెనడాల్లో గర్భం కోసం ప్రయత్నిస్తున్న 2,000కు పైగా జంటలను గమనించిన అధ్యయనంలో ఆ టీకాల వల్ల గర్భం దాల్చే అవకాశం తగ్గలేదు.

ఇక భద్రాచలం సంగతి. మీ పక్కింటావిడ చెప్పినదాంట్లో నిజముంది గనుక దాన్ని తోసిపుచ్చను. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, మీ జిల్లాలోనే, పాత్ అనే అమెరికా సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేయించింది. వారిలో గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు చాలామంది. 2010 మార్చిలో అక్కడికి వెళ్ళిన మహిళా ఆరోగ్య కార్యకర్తలకు కొందరు పిల్లలు కడుపునొప్పి, తలతిరుగుడు, నెలసరి ఎక్కువగా కావడం గురించి చెప్పారు. ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపించింది. టీకా వేసుకున్న బాలికల్లో కొందరు చనిపోయారు; దానిపై వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని తేల్చింది. కానీ అంగీకార పత్రాల సంగతి చూడండి: మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు, 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పిల్ల ఒంట్లోకి సూది వెళుతుంటే తల్లికి కబురైనా లేదు. తర్వాత ఆ పిల్ల ఏదైనా చెప్పుకుంటే రాసుకునే ఏర్పాటూ సరిగా లేదు. నాకు ఇది ఈనాటికీ కోపం తెప్పించే విషయం. అయితే ఆ కోపం ఆ పద్ధతి మీద ఉండాలి గాని, సీసాలోని మందు మీద కాదు. మీ పాప విషయంలో సంతకం చేయవలసింది మీరే. అడగవలసినదంతా అడిగాకే చేస్తారు.

ఆడపిల్లల ఫిర్యాదును నిజంగా విని, లెక్క కట్టిన ఊరు ఒకటుంది. జపాన్‌లో హెచ్‌పీవీ టీకా తర్వాత నొప్పులు, నెలసరి తేడాలు వచ్చాయని కుటుంబాలు చెప్పడంతో 2013 జూన్‌లో అక్కడి ప్రభుత్వం ఆ టీకాను సిఫారసు చేయడం ఆపేసింది. బాధితుల సంఘమే కోరగా నగోయా నగరం 2015లో సర్వే చేయించింది. దాదాపు 30,000 మంది యువతులు జవాబులిచ్చారు. నెలసరి క్రమం తప్పడం, ఎక్కువగా కావడం సహా 24 లక్షణాల గురించి అడిగితే, టీకా వేయించుకున్న వారిలో అవి ఎక్కువని తేలలేదు. జపాన్ 2022 ఏప్రిల్ నుంచి మళ్ళీ సిఫారసు చేస్తోంది. కోవిడ్ టీకాతో మీకు ఎదురైన అనుభవాన్ని ఈ టీకాకు ఉన్నదున్నట్టుగా అంటగట్టలేమని నేను చెప్పడానికి ఇదే ఆధారం. ఇక లాభం వైపు చూస్తే, మన దేశంలో ఏటా లక్షకు పైగా స్త్రీలకు ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, 70,000 మందికి పైగా చనిపోతున్నారు. స్వీడన్‌లో 16 లక్షలకు పైగా అమ్మాయిలను గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్ళ లోపు టీకా వేయించుకున్న వారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది. నా సలహా అడుగుతున్నారు కాబట్టి సూటిగా చెబుతాను: పాపకు టీకా వేయించండి.

కానీ వచ్చే వారమే వేయించనక్కరలేదు. 15 ఏళ్ళ లోపు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు కాబట్టి, రెండు నెలలు ఆగినా పాపకు నష్టం లేదు. ఈ రెండు నెలల్లో ఒక చిన్న నోటుబుక్కులో పాప తన నెలసరి తేదీలు, ఎన్ని రోజులైంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చింది, నొప్పి ఎలా ఉంది అన్నవి తానే రాసుకోవాలి. పెద్దమనిషైన తొలి రెండు మూడేళ్ళు టీకా ఉన్నా లేకపోయినా నెలసరి సక్రమంగా రాకపోవచ్చు. ముందు లెక్క చేతిలో ఉంటేనే తర్వాతి మార్పు మార్పో కాదో తెలుస్తుంది. టీకా ఎందుకో పాపకు విడమరచి చెప్పండి. వేయించిన రోజు కూర్చోబెట్టో పడుకోబెట్టో వేయమనండి, 15 నిమిషాలు అక్కడే ఉంచండి. ఈ వయసు పిల్లలకు సూది చూసి కళ్ళు తిరగడం మామూలు. తర్వాత ఏ తేడా కనిపించినా డాక్టరుకు చెప్పి నమోదు చేయించండి. వారు రాసుకోకపోతే మీరే 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పవచ్చు; మందుల, టీకాల దుష్ప్రభావాలను ప్రజల నుంచి నేరుగా స్వీకరించే జాతీయ కార్యక్రమం నంబరు అది.

మీవారితో మాట్లాడేటప్పుడు టీకా మంచిదా చెడ్డదా అన్న వాదనతో మొదలుపెట్టకండి, అందులో మీ ఇద్దరికీ నిజంగా తేడా లేదు. “అప్పుడు నాకు తొమ్మిది రోజులు ఆగకుండా పోయింది, మీరు నమ్మలేదు. రేపు పాప ఏదైనా చెబితే అప్పుడూ నమ్మరేమోనని నా భయం” అని చెప్పండి. మీ భయం అదేనని మీ ఉత్తరం చదివితే నాకు అనిపించింది. ఆయన కీడు తలపెట్టిన మనిషి కాదు. కూతురికి టీకా వేయించాలని ఆరాటపడుతున్న తండ్రి. పాప నోటుబుక్కు గురించి ఆయనకూ తెలియాలి, రెండు డోసులకూ ఆయన వెంట రావాలి.

ఇప్పుడు మీ ఎనిమిది నెలల సంగతి. టీకా వేయించుకుని ఏళ్ళు గడిచాక, మధ్యలో అంతా సర్దుకున్నాక మళ్ళీ మొదలైన ఈ రక్తస్రావానికి ఆ టీకా కారణం అనుకోను. 40 దాటిన వారిలో గర్భాశయంలో గడ్డలు, థైరాయిడ్ తేడా, లోపలి పొర మందం కావడం వంటి కారణాలుంటాయి. చాలావాటికి మంచి మందులున్నాయి, కానీ ఏదో తేల్చకుండా ఊరుకోకూడదు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఎనిమిది నెలలుగా ఎక్కువగా పోతుంటే మీకు ఇప్పటికే ఉండి ఉండవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, తరగతిలో నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మడం ఉన్నాయేమో చూసుకోండి. వరుసగా రెండు గంటలపాటు గంటకొక ప్యాడ్ నిండిపోతున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నట్టున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

పాత డాక్టరు దగ్గరకే వెళ్ళాలని లేదు. ఎవరి దగ్గరకు వెళ్ళినా, గత మూడు నెలసరుల తేదీలు, రోజులు, ప్యాడ్ల లెక్క ఒక కాగితం మీద రాసుకుని, కూర్చోగానే ఆ కాగితం బల్ల మీద పెట్టి, “ఎనిమిది నెలలుగా ఇలా అవుతోంది, హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్ చేయించాలని వచ్చాను” అనండి. “టెన్షన్” అన్న మాట వస్తే, “ఆ మాట చీటీలో రాసివ్వండి, పరీక్షలు కూడా రాయండి” అని మర్యాదగానే అడగండి. ఒంటరిగా వెళ్ళకండి, మీవారిని లోపలి దాకా తీసుకెళ్ళండి. రిపోర్టులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి, ఎదురుచూస్తుంటాను.