పుట్టింటి భూమిలో వాటా: నిర్ణయం ఎవరిది?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా, హాలియా దగ్గరి పల్లె. నాన్న చనిపోయి ఏడాది దాటింది. ఆయన పేరున ఆరెకరాల పొలం ఉంది, వీలునామా రాయలేదు. విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పు) చేయించుకోవాలి, వాటా వద్దని సంతకం పెట్టమని ఇద్దరు అన్నలూ అడుగుతున్నారు. పెండ్లికి కట్నం ఇచ్చాం కదా అని అమ్మ కూడా వాళ్ల వైపే మాట్లాడుతోంది. ఇక్కడ మా ఆయన, అత్తగారు వాటా తెచ్చుకోవలసిందేనని, అది అమ్మి మిర్యాలగూడలో ప్లాటు కొందామని అంటున్నారు. ఏం చేయాలో తోచడం లేదు. (ఒక సోదరి)

జవాబు: మీ ఉత్తరంలో అన్నల మాట, అమ్మ మాట, భర్త మాట, అత్తగారి మాట ఉన్నాయి. ఆ భూమి మీకు కావాలో వద్దో మాత్రం మీరు ఎక్కడా రాయలేదు. ఆ సంగతి మిమ్మల్ని ఇప్పటివరకు ఎవరూ అడిగి ఉండరు. సంతకం పెట్టాలా వద్దా అన్నది దాని తర్వాతే తేలాలి.

ముందు చట్టం సంగతి. పొలం మీ నాన్న స్వార్జితం, అంటే సొంతంగా సంపాదించినదైతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే అమ్మకు, అన్నలకు, మీకు తలా ఎకరన్నర వస్తుంది. అది పిత్రార్జితమైతే, అంటే తాతముత్తాతల నుంచి వచ్చినదైతే, 2005 సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. 2020లో సుప్రీంకోర్టు దీన్ని మరింత స్పష్టం చేసింది. నిజానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నాటికి పెండ్లికాని ఆడపిల్లలకు ఈ హక్కు 2005 సవరణ కంటే ఇరవై ఏళ్లు ముందే దక్కింది. కట్నం ఇచ్చినందువల్ల వాటా పోతుందని ఏ చట్టమూ చెప్పదు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచీ నేరమే.

పిత్రార్జితమైన పక్షంలో నాన్నకూ, ముగ్గురు పిల్లలకూ నాలుగు భాగాలు చేసి, నాన్న భాగాన్ని మళ్లీ అమ్మతో కలిపి మీ నలుగురికీ పంచుతారు. అలా మీకూ, అన్నలకూ తలా ఎకరా ముప్పై అయిదు గుంటలు (ఎకరానికి నలభై గుంటలు) రాగా, అమ్మకు దక్కేది పదిహేను గుంటలే. ఇన్నేళ్లు ఆ పొలంలో నాట్లు వేసి, కలుపు తీసిన మనిషికి అంతే. ఆమె రేపటి అన్నం కొడుకుల చేతిలో ఉన్నప్పుడు వాళ్లకు ఎదురు మాట్లాడుతుందని ఆశించలేము. కాబట్టి అన్నలు లేనప్పుడు అమ్మతో ఒంటరిగా కూర్చుని మాట్లాడండి, ఆమె వాటా ఆమె పేరునే పాసుపుస్తకంలోకి ఎక్కేలా పట్టుబట్టండి. మన జిల్లాలో సేద్యంలో చాలా చాకిరీ ఆడవాళ్లదే అయినా, రైతు భరోసా, రైతు బీమా వంటివి పట్టా ఎవరి పేరున ఉంటే వారికే అందుతున్నాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

ఇక మీ ఇంటి సంగతి. వాటాగా వచ్చిన భూమికి 1956 చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం పూర్తి యజమాని మీరే. మీ సంతకం లేకుండా దాన్ని మీ భర్త అమ్మలేరు. అమ్మి ప్లాటు కొనాలన్న ఆలోచన మీకు కూడా నచ్చితే కొనండి, కానీ రిజిస్ట్రేషన్ మీ పేరున జరగాలి. అన్నల ఒత్తిడికి లొంగి వదులుకోవడం ఎంత తప్పో, భర్త ఒత్తిడికి లొంగి తెచ్చి ఆయన చేతిలో పెట్టడం కూడా అంతే తప్పని నా అభిప్రాయం.

భూమిని మీ పేరున ఉంచుకుని అన్నలకే కౌలుకిచ్చే దారి కూడా ఉంది. సాగు వాళ్లదే అవుతుంది, కౌలు డబ్బు మీ ఖాతాలో పడుతుంది. అన్నీ తెలిసిన తర్వాత, ప్రేమతో అన్నలకే ఇచ్చేయాలని మీకు అనిపిస్తే అందులోనూ తప్పు లేదు. అయితే వారసురాలిగా మీ పేరు నమోదైన తర్వాతే, రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు ద్వారా ఇవ్వండి. వాటా అడిగినందుకు పుట్టింటికి రావద్దనే అన్నలైతే, సంతకం పెట్టిన తర్వాత మాత్రం ఎన్నాళ్లు ఆదరిస్తారో ఆలోచించండి.

నల్లగొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది. నాన్నగారి పాసుపుస్తకం నకలు, మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని అక్కడికి వెళ్లండి. పొలం స్వార్జితమో, పిత్రార్జితమో అక్కడి న్యాయవాది తేల్చి చెప్పేవరకు తెల్లకాగితం మీద గానీ, స్టాంపు కాగితం మీద గానీ సంతకం చేయకండి.