పాఠకుల ప్రశ్న: కానన్ 700డి కెమెరా ఉండగా కొత్త బాడీ (లెన్సు లేని కెమెరా) కొనవచ్చునా?

ప్రశ్న: నేను విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాను. పదేళ్లుగా కానన్ 700డి కెమెరా వాడుతున్నాను. దానితో వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్సు, తరువాత కొన్న 55-250 మి.మీ. జూమ్ లెన్సు తప్ప వేరే ఏమీ లేవు. ఆదివారాలు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి పడవలను, చేపల వేలాన్ని తీస్తాను. చలికాలంలో కొండకర్ల ఆవకు పక్షుల కోసం వెళతాను. కిందటేడు మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి రాత్రి ముహూర్తానికి జరిగితే, జూమ్ చేసి తీసిన ప్రతి ఫొటోలోనూ ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/40 వంతు దాటలేదు. ఫొటోలు గరుకుగా, కదిలిపోయి వచ్చాయి. పక్షులు మరీ చిన్నవిగా పడుతున్నాయి. కైలాసగిరి మీది నుంచి తీసిన ఓడలు పాలిపోయినట్లున్నాయి. మాఘమాసంలో మా చెల్లెలి పెళ్లి. 90డి కొనమని ఒకరు, వాడిన 80డి చాలునని మరొకరు, డీఎస్సెల్లార్ల (లోపల అద్దం ఉండే ఇలాంటి కెమెరాల) కాలం చెల్లింది కనుక అద్దం లేని మిర్రర్‌లెస్సే కొనమని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ఉన్నవి మూడు ఇబ్బందులు. వాటన్నిటికీ కారణం ఒకటేనని అనుకోవడం వల్లనే మీకు సలహా చెప్పిన ముగ్గురూ బాడీల గురించే మాట్లాడినట్లున్నారు.

ముందు ఓడల సంగతి చూద్దాం, దానికి పైసా ఖర్చు లేదు. కైలాసగిరికీ, లంగరు వేసిన ఓడకూ మధ్య కొన్ని కిలోమీటర్ల తేమగాలి ఉంటుంది. ఎండ ముదిరిన తరువాత ఆ గాలి కదలాడుతూ గీతలన్నిటినీ మెత్తబరుస్తుంది. ఏ బాడీ పెట్టినా కనిపించేది ఆ గాలే. వాన వెలిసిన మరునాటి ఉదయం వెళ్లి చూడండి. అయితే దగ్గరి వస్తువులు కూడా అలాగే పాలిపోయి వస్తుంటే, చీకటి గదిలో టార్చి వెలుగును లెన్సులోకి వాలుగా పంపి, లోపలి గాజు మీద సాలెగూడు వంటి పోగులున్నాయేమో పరిశీలించండి. మన ఊరి తేమలో బీరువాలో, అందులోనూ తోలు సంచిలో, దాచిన లెన్సుకు బూజు పట్టడం మామూలే. నేనూ ఒక మంచి లెన్సును అలాగే పోగొట్టుకున్నాను.

పెళ్లి ఫొటోల విషయానికి వస్తే, మీరు ఇచ్చిన అంకెలలోనే జవాబు ఉంది. మీ 18-55 లెన్సును 50 మి.మీ. దగ్గర పూర్తిగా తెరిచినా దాని అపెర్చర్, అంటే వెలుగు ప్రవేశించే రంధ్రం, సుమారు ఎఫ్ 5.6 మాత్రమే (ఈ అంకె చిన్నదైన కొద్దీ రంధ్రం పెద్దది). 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు దానికంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుగును లోపలికి రానిస్తుంది. అంటే అదే మండపంలో, అదే 6400 దగ్గర మీకు 1/40కి బదులు సుమారు 1/400 దొరుకుతుంది; ఐఎస్ఓను 3200కు దించినా 1/200 మిగులుతుంది. 2013లో వచ్చిన మీ 700డి నుంచి 2019లో వచ్చిన 90డికి మారితే చీకటిలో ఇంత లాభం రాదు. ఒక స్టాప్ (అంటే వెలుగు రెట్టింపైనంత) మేలు కలిగినా గొప్పే. కానన్ లెన్సులలో చవకైన వాటిలో ఒకటి చేసే పనికి బాడీ ధర పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

ఈ లెన్సుతో రెండు చిక్కులు లేకపోలేదు. ఎఫ్ 1.8 దగ్గర ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ కనుక, జీలకర్రా బెల్లం పెట్టే వేళ పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా వస్తే పెళ్లికొడుకు ముఖం మెత్తబడవచ్చు. ఇద్దరూ కావాలంటే ఎఫ్ 2.8కి మూసి, 6400 దగ్గర దాదాపు 1/160తో సర్దుకోవాలి, తలంబ్రాలు గాలిలో ఉన్నప్పుడు మాత్రం మళ్లీ తెరవాలి. రెండవది, మీ కెమెరాలోని చిన్న సెన్సర్ మీద 50 మి.మీ. లెన్సు చూపు 80 మి.మీ. అంత ఇరుకు. బంధువులంతా పీటల చుట్టూ మూగినప్పుడు వెనక్కు జరిగే చోటు దొరకదు. డబ్బు వెచ్చించగలిగితే కానన్ 17-55 ఎఫ్ 2.8 లెన్సు ఈ రెండు చిక్కులనూ చాలావరకు తీరుస్తుంది.

పక్షుల విషయంలో బాడీ వాదానికి కొంత బలం ఉందని ఒప్పుకుంటాను. 700డిలో ఫోకస్ పాయింట్లు తొమ్మిదే, వేగం సెకనుకు 5 ఫొటోలే. 90డిలో 45 పాయింట్లు, సెకనుకు 10 ఫొటోలు. నీటి మీది నుంచి లేచే కొంగను వెంటాడేటప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. కానీ మీరు చెప్పిన ఇబ్బంది పక్షి తప్పిపోవడం కాదు, చిన్నదిగా పడడం. 18 మెగాపిక్సెళ్ల నుంచి 32.5కు వెళితే పక్షి మీద పడే పిక్సెళ్లు 1.8 రెట్లు అవుతాయి. మీ పాత బాడీకే 400 మి.మీ. లెన్సు తగిలిస్తే, 250తో పోల్చినప్పుడు అవి రెండున్నర రెట్లు అవుతాయి. పైగా చిన్న పిక్సెళ్ల సెన్సర్ చేతి వణుకును మరింత స్పష్టంగా బయటపెడుతుంది. కొత్త బాడీ కొన్న తొలి వారంలో చాలామంది నిరుత్సాహపడడానికి ఇదొక కారణమని నా అనుమానం.

మిర్రర్‌లెస్ గురించి మీ మూడవ మిత్రుడు చెప్పిన దానిలో నిజముంది. 2020 తరువాత కానన్ కొత్త డీఎస్సెల్లార్ బాడీ ఏదీ తేలేదు. నేను లెన్సు వైపు మొగ్గడానికి అది కూడా ఒక కారణమే. ఇప్పుడు మీ కెమెరాకు కొనే ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రకం లెన్సులు అడాప్టరుతో కానన్ ఆర్ వరుస మిర్రర్‌లెస్ కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, కనుక రేపు దారి మార్చుకున్నా ఆ డబ్బు వృథా కాదు. ఇప్పుడు 90డి కొంటే మాత్రం అది ముగిసిన వరుసలో చివరి మెట్ల దగ్గర ఆగిపోతుంది.

కాబట్టి మాఘమాసానికి ముందు ఎఫ్ 1.8 లెన్సు కొని, ఫిషింగ్ హార్బరులో దీపాల వెలుగులో జరిగే వేలం మీద నాలుగు ఆదివారాలు సాధన చేయండి. మండపం మీకు అంతకంటే కష్టమైన వెలుగేమీ చూపించదు. వాడిన 80డి ఆలోచనను నేను పూర్తిగా కొట్టివేయను. దాని షట్టర్‌ను లక్ష క్లిక్కుల మన్నికకు తయారు చేశారు, కనుక ఇప్పటికి ఎన్ని అయ్యాయో సర్వీసు కేంద్రంలో చూపించి, సముద్రపు ఉప్పుకు లెన్సు మౌంటు, కార్డు అర, బ్యాటరీ అర చిలుము పట్టలేదని తేలిన తరువాతే బేరమాడండి. మీ 700డి బ్యాటరీలు దానికి సరిపోవని కూడా గుర్తుంచుకోండి. ఒకవేళ అది కుదిరినా 700డిని ఎక్స్ఛేంజిలో ఇచ్చివేయకండి. దానికి 18-55 తగిలించి పెళ్లిలో మెడలోనే ఉంచుకుంటే, తాళి కట్టే క్షణంలో లెన్సు మార్చుకునే అవస్థ తప్పుతుంది. ఒక కెమెరా మొరాయించినా మీ చెల్లెలికి ఫొటోలు మిగులుతాయి.