చదువుకోమంటే తలుపేసుకుంటున్నాడు

ప్రశ్న: శరణార్థిగా వచ్చిన పదిహేడేళ్ల అబ్బాయి ఏడాదిన్నరగా మా సంరక్షణలో ఉంటున్నాడు. ఆరు నెలల్లో స్కూలు చదువు అయిపోతుంది. పై చదువుకు వెళ్లమంటే వినడు. దొరికిన పనిలో చేరి, వేరే దేశంలో శిబిరంలో ఉన్న తల్లికి డబ్బు పంపాలంటాడు. పాత సర్టిఫికెట్లేవీ లేవు. ఈ మాటెత్తితే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: చదువంటే ఇష్టం లేదని అనుకోకండి. తల్లి శిబిరంలో ఉండగా తన కాలేజీ గురించి ఆలోచించడమే తప్పనిపిస్తుంది ఆ వయసులో. మీరు 'నీ భవిష్యత్తు' అన్నప్పుడల్లా 'అమ్మ సంగతి వదిలెయ్' అన్నట్టే అతనికి వినిపిస్తుంది. అందుకే చదువు ఊసెత్తకుండా ముందు లెక్క అడగండి. అమ్మకు నెలకు ఎంత పంపితే గడుస్తుంది? చాలామంది పిల్లలు ఈ అంకె తెలియకుండానే నిర్ణయం తీసేసుకుంటారు. అది కాగితం మీద పడ్డాక, వారాంతపు పనితోనో, జీతమిచ్చే అప్రెంటిస్‌షిప్‌తోనో అందులో ఎంత వస్తుందో ఇద్దరూ కూర్చుని చూడొచ్చు. తల్లితో మీరూ మాట్లాడండి. భాష రాకపోతే బంధువుల్ని కాకుండా వృత్తి అనువాదకుణ్ణి పెట్టుకోండి. బంధువులు తమ మాటలు కూడా కలిపేస్తారు.

ఏ పనిలో చేరేముందైనా అతని హోదా చూడండి. శరణార్థిగా గుర్తింపు వచ్చిందా, దరఖాస్తు ఇంకా పెండింగ్‌లో ఉందా అన్నదాన్ని బట్టి పని చేసే హక్కు, ఫీజు, స్కాలర్‌షిప్ అన్నీ మారిపోతాయి. నివాస కార్డు గడువు దగ్గరపడితే యజమానులు వెనక్కి తగ్గుతారు. ముందే రెన్యువల్‌కు పెట్టి రసీదు దగ్గరుంచుకోమనండి. జీతం చీటీ లేకుండా చేతికి నగదిచ్చే పని వద్దు. డబ్బు ఎగ్గొట్టినా అడిగే దారుండదు, పైగా హోదాకే చేటు రావచ్చు.

18 నిండగానే సంరక్షకుడు, వసతి, భత్యం విషయాల్లో చాలా దేశాల్లో రూల్సు మారతాయి. చదువు కొనసాగిస్తుంటే సాయం పొడిగించే చోట్లున్నాయి. ఏది ఆగుతుంది, ఏది ఉంటుందో అతని వ్యవహారాలు చూసే కేస్ వర్కర్‌ను ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

ఇక సర్టిఫికెట్లు. వాటి కోసం అతను పారిపోయి వచ్చిన దేశపు రాయబార కార్యాలయానికి మాత్రం వెళ్లనివ్వకండి. అక్కడున్న కుటుంబానికి ప్రమాదం కావచ్చు, మళ్లీ ఆ ప్రభుత్వ రక్షణే కోరినట్టు లెక్కగట్టి శరణార్థి హోదానే ప్రశ్నించవచ్చు. కాగితాలు లేని శరణార్థుల చదువును అంచనా వేసేందుకు పద్ధతి ఏర్పరచాలని ఇతర దేశాల చదువులను గుర్తించడంపై కుదిరిన 1997 నాటి లిస్బన్ గుర్తింపు ఒప్పందం 7వ విభాగం సభ్యదేశాలకు చెబుతోంది. ఏ ఊళ్లో ఏ స్కూలు, ఏ తరగతి వరకు, ఏ సబ్జెక్టులు, వారానికి ఎన్ని గంటలు, ఏ భాషలో అన్నది రెండు పేజీల్లో రాయించండి. అంచనా వేసేవాళ్లు మొదట అడిగేది ఇదే.

మరో చిన్న విషయం పెద్ద తలనొప్పి తెస్తుంది. స్కూలు రికార్డులో పేరు ఒక రకంగా, కార్డులో మరో రకంగా ఉంటుంది. పుట్టినరోజు తెలియనివాళ్లకు జనవరి 1 వేసేస్తారు. రికార్డులో, కార్డులో ఇవి కలవకపోతే అడ్మిషన్ ఆగిపోవచ్చు. చివరి పరీక్ష ఫారం నింపేలోపే సరిచేయించండి. దరఖాస్తులో చదువు ఆగిన ఏళ్లను ఖాళీగా వదలొద్దు. 'యుద్ధం వల్ల చదువు ఆగింది' లాంటి నిజమైన ఒక్క వాక్యం చాలు. ఇంటర్వ్యూలో తన గాయాలన్నీ విప్పి చెప్పాల్సిన పనిలేదని అతనికి ముందే చెప్పండి.

గలగలా మాట్లాడుతున్నాడని భాష వచ్చేసిందనుకుంటే పొరపాటు. మాట్లాడే భాషకు రెండేళ్లు పడితే, పాఠ్యపుస్తకపు భాషకు 5 నుంచి 7 ఏళ్లు పడుతుందని భాషా పరిశోధకులు అంటారు. లెక్క తెలిసినా ప్రశ్న అర్థంకాక తప్పుతారు. అందుకే చేరబోయే కోర్సు పదాలతో ఇప్పటినుంచే నోట్‌బుక్ పెట్టించండి: ఎలక్ట్రీషియన్ అయితే పనిముట్లు, భద్రతా సూచనలు, నర్సింగ్ అయితే శరీర భాగాలు, మోతాదులు.

డిగ్రీ ఒక్కటే దారి కాదు. అతని అవసరానికి, జీతం వస్తూనే సర్టిఫికెట్ చేతికొచ్చే వృత్తి శిక్షణే మేలని నా అభిప్రాయం. అక్కడినుంచి తర్వాత కాలేజీకి దారి ఉందో లేదో మాత్రం చేరేముందే కనుక్కోండి. కనీసం మూడు చోట్ల దరఖాస్తు పెట్టించండి, ఒకటి పై చదువుకు సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సు అయ్యేలా చూడండి. ఎక్కడైనా కాదంటే కారణం రాసివ్వమని అడగండి. హోదా అర్థంకాక క్లర్కు తిప్పిపంపే సందర్భాలూ ఉంటాయి, అలాంటివి అప్పీలులో నిలబడకపోవచ్చు.